ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు

ఆ ఆదివారం పొద్దున ధరణి అనుకున్న పని చాలా చిన్నది. వరండా గోడకు వేయించిన పిస్తా రంగు ఆరిపోయింది. దాని ముందు చలువరాయి బల్ల, నాలుగు కుర్చీలు సర్ది, భర్త ప్రదీప్‌తో ఎదురెదురుగా కూర్చుని చాయ్ తాగాలి. అంతే.

ధరణి పుట్టి పెరిగింది హైదరాబాదు నల్లకుంటలో. ప్రదీప్‌ది గురజాల. పెళ్లయ్యాక కూడా హైదరాబాదులోనే ఉన్నారు గాని, అతన్ని విత్తనాల కంపెనీ నరసరావుపేటకు బదిలీ చేయడంతో ఇక్కడికి వచ్చి, కోటప్పకొండ రోడ్డులో నాగేశ్వరరావు గారి ఇంటి కింది వాటాలో దిగారు. వచ్చిన రోజు నుంచీ ఆమె పేరు "తెలంగాణ ఆమె". కూరగాయల బండి దగ్గర కూడా అదే పేరు. మొదట్లో నొచ్చుకుంది. తర్వాత, అలాగే అననీ, అలాగే ఉంటానని మొండికేసింది. పోచంపల్లి గుడ్డతో కర్టెన్లు కుట్టించింది. నిర్మల్ బొమ్మలు, చేర్యాల మాస్కులు గోడలెక్కాయి. అవీ చాలక పాత సామాన్ల కొట్లు గాలించడం మొదలుపెట్టింది.

బల్ల, కుర్చీలు అలాంటి కొట్లోనే దొరికాయి. హైదరాబాదులో మూతపడిన ఇరానీ హోటల్‌వి. చిన్నప్పుడు నాన్న ఆమెకు ఉస్మానియా బిస్కట్ చాయ్‌లో ముంచి తినడం నేర్పింది అలాంటి బల్ల మీదే. వాటితో పాటు గొడవలు కాకుండా అప్పట్లో హోటళ్లలో తగిలించే ఒక పాత రేకు బోర్డు కూడా వచ్చింది. నీలం మీద తెల్లటి అక్షరాలు: "ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు."

ఫొటో తీసి హైదరాబాదులో ఉన్న అక్క దీపికకు పంపింది. దీపిక వెంటనే ఫోన్ చేసింది.

"ఆ డొక్కు కుర్చీలు పైసలు పెట్టి కొన్నవా? మన గల్లీ హోటల్ తీసేసి సెల్‌ఫోన్ల షోరూం పెట్టిన్రు. మంచిగైంది. నువ్వింకా ఆ కాలంలనే ఉన్నవేందే?"

ధరణి ఫోన్ పెట్టేసి, బోర్డుకు మేకు కొట్టింది.

"ఈ ఊళ్లో ఈ బోర్డేంది ధరణీ? తీసెయ్" అన్నాడు ప్రదీప్.

"అందానికి పెట్టిన. ఎవరు చదువుతరు?"

ఇద్దరూ కూర్చుని గ్లాసులు ఎత్తేలోపు ఎవరో పెద్దాయన మెట్లెక్కి వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. పేపరు మడత విప్పుకుంటూ, "ఒక టీ. చక్కెర తగ్గించండి" అన్నాడు.

"ఇది హోటల్ కాదండీ, ఇల్లు" అన్నాడు ప్రదీప్.

"ఇంట్లోనే పెట్టుకున్నారా? మంచి పని. అద్దె కలిసొస్తది."

ఇంటికొచ్చి చాయ్ అడిగిన మనిషిని పొమ్మనడం ధరణికి చేతకాలేదు. లోపలికెళ్లి తెచ్చిచ్చింది. ఆయన తాగి, వద్దంటున్నా బల్ల మీద చిల్లర పెట్టి వెళ్లాడు. అది రోడ్డు మీది వాళ్లంతా చూశారు.

కాసేపటికి పక్కింటి ఆరోగ్యమ్మ గేటు దగ్గర నిలబడింది. రిటైరైన టీచరు. చేతిలో బైబిలు, వెనక చర్చి నుంచి వస్తున్న ఆడవాళ్లు.

"ఏందమ్మా, హోటల్ పెట్టి ఒక్క మాటన్నా చెప్పలేదు?"

"హోటల్ కాదాంటీ."

"మొదట్లో అట్టనే అంటార్లే, దిష్టి తగలకుండా. ఆరు టీలు పెట్టు."

ఆరు టీలు పెట్టింది. కుర్చీలు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. మెట్ల మీద మనుషులను చూసి ఇంకొందరు ఆగారు. ఈ సందడికి పైవాటాలో నుంచి నాగేశ్వరరావు గారు దిగి వచ్చారు. ఆయన ఒకప్పుడు కౌన్సిలరు. మళ్లీ కావాలని ఆయన కోరిక. ఎదురుగా బోర్డు. ఒకసారి చదివారు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివారు.

"ఏందమ్మా ఇది? నా ఇంట్లో నేను రాజకీయం మాట్లాడకూడదా?"

"మీ గురించి కాదు అంకుల్. చానా పాత బోర్డు. మీరు పుట్టకముందుది."

"నేను పుట్టకముందు నుంచే నన్ను ఆపాలని చూస్తున్నారా?"

ఆయన బోర్డు వైపు వేలెత్తి నిలబడిన క్షణాన ఎవరో ఫొటో తీశారు. మధ్యాహ్నానికి అది ఊరంతా తిరిగింది. కింద రాసి ఉన్నది ఒకటే ముక్క: "సొంతింట్లోనే నోరు మూయించారు."

సాయంత్రం అవతలి వర్గం వాళ్లు పనిగట్టుకుని వచ్చారు. నాలుగు కుర్చీల్లో కూర్చుని, నాలుగు టీలు చెప్పి, బోర్డు కింద గట్టిగా రాజకీయమే మాట్లాడారు. నాగేశ్వరరావు గారి మనుషులు వచ్చి కుర్చీలు ఖాళీ చేయమన్నారు. వాళ్లు టీ రాలేదన్నారు. మాటా మాటా పెరిగింది. బోర్డు ఊడి పడింది, దాన్ని ఎవరు పట్టుకుపోయారో తెలియదు. చివరికి కానిస్టేబుల్ వచ్చి, గొడవ సంగతి తర్వాత, ముందు హోటల్‌కు పర్మిషన్ ఉందా అని ధరణిని అడిగాడు.

"ఆ రాష్ట్రం నుంచి వచ్చి మాకు బుద్ధులు చెప్తారా?" అన్నారు నాగేశ్వరరావు గారు, అందరూ వినేట్టుగా.

ధరణి ప్రదీప్ వైపు చూసింది.

"ఆమెకు తెలియదు బాబాయ్" అన్నాడు ప్రదీప్ మెల్లగా. "అక్కడి మనిషి."

ఆమెకు నాగేశ్వరరావు గారి మాట తగల్లేదు. ఇది తగిలింది.

ఇంటి ఓనరు చెప్పడంతో నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేశారు. అదే ఊళ్లో దొరికింది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. చలువరాయి బల్ల మెట్ల మలుపులో తిరగదని సామాను మోసేవాళ్లు తేల్చేశారు. "ఇక్కడే ఉంచండి, మాకేం అడ్డం లేదు" అన్నారు నాగేశ్వరరావు గారు, పెద్ద మనసుతో. బల్ల లేని కుర్చీలెందుకని ధరణి అవీ వదిలేసింది.

రెండు నెలల తర్వాత ఆరోగ్యమ్మ ఫోన్ చేసి ఒకసారి వచ్చి చూడమంది. ధరణి వెళ్లింది. అదే వరండా, అదే పిస్తా రంగు. పైన కొత్త ఫ్లెక్సీ: "ఒరిజినల్ హైదరాబాద్ ఇరానీ చాయ్". గల్లా దగ్గర నాగేశ్వరరావు గారు. అన్ని వర్గాల వాళ్లూ రోజూ వచ్చి కూర్చునే చోటు ఓట్లు కావాల్సిన మనిషికి ఎంత అవసరమో ఆ గొడవ రోజునే ఆయనకు అర్థమైందట.

"రామ్మా రామ్మా" అంటూ లేచి, కుర్చీ తానే తుడిచి కూర్చోబెట్టారు. అందరి వైపూ తిరిగి, "ఈమెది హైదరాబాదే. ఈమె తాగి చెప్తే ఇంక తిరుగుండదు" అన్నారు.

టీ వచ్చింది. అల్లం ఘాటు తప్ప అందులో ఏమీ లేదు. బిస్కట్ మెత్తబడిపోయింది. గ్లాసులు పట్టుకున్న వాళ్లంతా ఆమె మొహం వైపే చూస్తున్నారు. ఈ ఊళ్లో ఆమె ఊరి పేరు మర్యాదగా వినపడటం అదే మొదటిసారి.

"ఎట్టుందమ్మా?"

"అచ్చం మా ఊళ్లో లెక్కనే ఉంది" అంది ధరణి.

చలువరాయి చల్లగా అరచేతికి తగులుతోంది. ఆమె ఖాళీ గ్లాసు పక్కకు జరిపి, ఇంకొక టీ చెప్పింది.