సూక్ష్మదర్శిని దర్శన నియమాలు

జీవశాస్త్రం ప్రాణమున్నవాటి గురించి చెప్పే శాస్త్రం గనుక, ఆ తరగతిలో ప్రాణమున్నది ఏదీ అనుమతి లేకుండా కదలకూడదని ప్రొద్దుటూరులోని జీవశాస్త్ర క్రమశిక్షణ విభాగం తీర్మానించింది. నియమావళిని విభాగాధికారి జనార్దనం గారు స్వయంగా రాశారు. కప్ప గానీ వానపాము గానీ తరగతిలోకి రావాలంటే ముందుగా దరఖాస్తు ఉండాలి (అది టీచరు పెట్టాలా, కప్ప పెట్టాలా అన్నది పరిశీలనలో ఉంది). ప్రత్యుత్పత్తి పాఠాన్ని పిల్లలు ఇంటి దగ్గర, పెదవులు కదపకుండా చదువుకోవాలి. ప్రశ్న అడగదలచినవారు, దాని జవాబు తమకు ముందే తెలుసని టీచరుకు నమ్మకం కలిగించాలి.

ముద్దనూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఒక హైస్కూలుంది. అక్కడ ఈ నియమాలను అమలు చేసే భారం ఎస్తర్ టీచరు మీద పడింది. ఆమె తాత మిషన్ బడిలో నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పాడు. ఎస్తర్ ఎక్కువగా ఫోన్ వెనక నిలబడేది. పాఠానికి పిల్లలు ఆశ్చర్యపోతున్న ఫొటో రోజూ విభాగం వారి యాప్‌లో పెట్టాలి మరి. పెట్టగానే ‘ఆశ్చర్యం చాలలేదు, మళ్ళీ ప్రయత్నించండి’ అని వచ్చేది. పిల్లలు కనుబొమ్మలు ఇంకాస్త పైకెత్తేవాళ్ళు. దేన్ని చూసి ఆశ్చర్యపోవాలో యాప్ ఎన్నడూ అడగలేదు.

అన్నిటికన్నా కఠినమైన నియమాలు సూక్ష్మదర్శినివి. వాడితే పాడవుతుంది కాబట్టి వాడకూడదు. వాడకపోయినా పాడైతే టీచరే బాధ్యురాలు. హెడ్మాస్టరు గదిలో అద్దాల బీరువాలో అది కొలువుండేది. శనివారం పిల్లలు వరసగా వచ్చి, చేతులు కట్టుకుని దర్శనం చేసుకోవచ్చు. (చెప్పులు విడవాలని నియమంలో లేదు. హెడ్మాస్టరు రవిశంకర్ గారే ముందుజాగ్రత్తగా విడిపించేవారు.)

పదో తరగతి ఆస్మా కడప ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే ఒకామెను చూసింది. అప్పటినుంచి తానూ ఆ పనే చేయాలని పట్టుదలగా ఉంది. ఒక శనివారం ఆ పిల్ల వరసలో ఆగిపోయింది.

“మేడం, దాన్ని వారం వారం చూస్తాండాం. దాంట్లో నుంచి ఎప్పుడు చూస్తాం?”

ఎస్తర్ నియమావళిని మొదటినుంచి చివరిదాకా తిరగేసింది. ఆదివారం చర్చిలో మోకరించినా ఆ ప్రశ్న వదల్లేదు. సోమవారం ఆమె హెడ్మాస్టరు గదిలోకి నేరుగా నడిచింది.

“బీరువా బీగంచెవి ఈండి సార్.”

“ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలమ్మా?”

“దుమ్ము తుడుస్తాండామని చెప్పండి.”

“దుమ్ముక్కూడా పర్మిషను కావాల కదా” అంటూనే ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి, కిటికీ వైపు తిరిగారు. (అధికారులు రాని రోజుల్లో ఆయన మంచివారు.)

మధ్యాహ్న భోజనం వండే యేసమ్మ ఉల్లిపాయ ఇవ్వడానికి బేరం పెట్టింది. “కూరకే చాలడంల్యా మేడం, చదువులకు గూడా ఎర్రగడ్డలేనా?”

“ఒక్క పొర చాలు యేసక్కా. గడ్డ నీకే ఇచ్చేస్తా.”

తరగతిలో గాజుపలక మీద ఉల్లిపొర పరిచి, అయోడిన్ చుక్క వేసి, ఎస్తర్ సూక్ష్మదర్శిని అద్దాన్ని ఎండకేసి తిప్పింది. “ముందు నువ్వే రా ఆస్మా.” ఆ పిల్ల జడ వెనక్కి వేసుకుని ఇంకా వంగనైనా లేదు.

“ఏం జరుగుతాంది ఈడ?”

గుమ్మంలో జనార్దనం గారు. వెనకాల రవిశంకర్ గారు చెమట తుడుచుకుంటూ, “దుమ్ము తుడుస్తాండారు సార్” అన్నారు.

“ఎర్రగడ్డ పెట్టి తుడుస్తారా? ఎవురిచ్చినారు పర్మిషను?”

“ఒక్కసారి చూసి, ఆమీట మెమో ఈండి సార్” అంది ఎస్తర్. ఆస్మాను కాస్త వెనక్కి జరిపి ఆయనకు చోటిచ్చింది.

నేరాన్ని నిర్ధారించుకోవడానికి అధికారి వంగారు. ఒక కన్ను మూసి, రెండోది గాజుకు ఆనించారు.

“ఏందిది, ఇటుకల గోడ మాదిరి ఉండాది!”

“కణాలు సార్.”

“అంటే... ఇవి నిజంగానే ఉంటాయా?” (ఆయన ఎం.ఎస్సీ. జీవశాస్త్రంలోనే చేశారు. ఆ కాలేజీలోనూ బీరువా మంచిదే ఉండేది.)

ఆయన పలకను అటు జరిపారు, ఇటు జరిపారు. లేవలేదు.

“సార్, నేను?” అంది వెనక నిలబడిన ఆస్మా.

“ఉండు పాపా, చూస్తాండా కదా.”

భోజనం గంట కొట్టారు. తరగతి ఖాళీ అయింది. ఆస్మా మాత్రం వంగిన ఆయన బట్టతల వెనకే నిలబడింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు.

మెమో రాలేదు. ఇక మంచిరోజులే అనుకుంది ఎస్తర్. మరుసటి వారం జీపు వచ్చింది. ఇంత అపురూపమైన వస్తువు పిల్లల చేతికందేంత దగ్గర్లో ఉండటం ప్రమాదమని, సూక్ష్మదర్శినిని ప్రొద్దుటూరుకు, అధికారి బల్ల మీదికి తరలించారు.  

వేసవి ముందు ప్రాక్టికల్ పరీక్షకు విభాగమే ప్రశ్న పంపింది: ‘సూక్ష్మదర్శిని దగ్గర మీరు స్వయంగా చూసినదాన్ని గీయండి.’ పిల్లలందరూ పుస్తకంలోని ఇటుకల గోడను గుర్తుచేసుకుని గీశారు. ఆస్మా ఒక గుండ్రం గీసింది. అంచు వెంట దట్టంగా సన్నటి గీతలు, నడిమధ్య నున్నటి ఖాళీ జాగా.

జనార్దనం గారి నడినెత్తిని ఎస్తర్ వెంటనే గుర్తుపట్టింది. నవ్వూ భయమూ ఒక్కసారే వచ్చాయి.

“ఏందే ఇది?” అంది మెల్లగా.

“నేను చూసింది ఇదే మేడం. శానాసేపు చూసినా.”

ఎస్తర్ దాన్ని చెరిపించలేదు. పేపర్లు కట్టగట్టి పంపేసింది.

ఈ విషయంలో అనుభవం తనకొక్కడికే ఉందని జనార్దనం గారే వాటిని దిద్దారు. ఆస్మాకు పూర్తి మార్కులు వచ్చాయి. పక్కన ఎర్ర సిరాతో ఆయన స్వదస్తూరీ: ‘కేంద్రకం అత్యంత స్పష్టంగా ఉంది.’