అమ్మడు దూకని మూడు కంచెలు

ఆ బుధవారం ఉదయం గుర్రాల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీయించుకోవాలి. మందుల షాపులో నొప్పుల తైలం కొనాలి. ఇంటికొచ్చి, కుళాయి కారుతోందని గది అద్దెకిచ్చిన ఇంటావిడకు చెప్పాలి. ఈ పనుల మధ్యలోనే ముగ్గురు మనుషుల్ని ఆదివారం పొద్దున స్వారీ స్కూలుకు రమ్మని పిలవాలి. మొదటి మూడూ ఆయనకు కొట్టిన పిండి. పిలవడం మాత్రం ఎలాగో తెలియదు. ఆ ఊరొచ్చి పదేళ్లు దాటినా ఆయన ఎవరినీ దేనికీ పిలిచిన పాపాన పోలేదు.

పిలవాల్సిన అవసరం అమ్మడివల్ల వచ్చింది. అమ్మడంటే మనిషి కాదు, ఆడగుర్రం. పందేల్లో పరిగెత్తినన్నాళ్లూ దానికి నోరు తిరగని పేరొకటి ఉండేది. కాళ్లలో జోరు తగ్గాక స్వారీ స్కూలువాళ్లు తెచ్చుకుని, కంచెలు దూకడం నేర్పమని మాస్టారికి అప్పగించారు. మాస్టారు కూడా ఒకప్పుడు పందెపు జాకీయే. ఇద్దరూ పందేలు వదిలేసినవాళ్లే కాబట్టి వాళ్లకు బాగానే కుదిరింది. ఆయన పొద్దున్నే గుర్రపుశాలకు వెళ్లి, రాత్రి నిద్రపట్టిందో లేదో, భుజం నొప్పి ఎలా ఉందో, పక్కగదిలో రేడియో ఎంతసేపు మోగిందో అన్నీ దానికి చెప్పేవాడు. అది దాణా నములుతూ వినేది. రోజు మొత్తంలో ఆయన మాట్లాడే మాటలు అవే. మిగతావన్నీ "ఊఁ", "అలాగే", "చిల్లర లేదు".

స్కూలు మైదానంలో ఎనిమిది కంచెలు ఉన్నాయి. ఐదు వరండా ఎదురుగా. అక్కడ తోటమాలి, గుమస్తా, ఊడ్చే ఆవిడ, ఎవరో ఒకరు తిరుగుతూనే ఉంటారు. ఆ ఐదింటినీ అమ్మడు వెన్న కోసినట్టు దాటేది. మిగతా మూడూ మైదానానికి అవతలి కొసన, పెద్దగోడకూ పొదలకూ మధ్య సందులాంటి చోట ఉన్నాయి. అటువైపు ఎవరూ పోరు. అక్కడికి రాగానే అమ్మడు నాలుగు కాళ్లూ నేలలో పాతేసినట్టు ఆగిపోయేది. మాస్టారు కంచె ఎత్తు తగ్గించి చూశాడు, రంగు మార్చి చూశాడు, చివరికి జీను దిగి, అటూ ఇటూ చూసి, తానే ఒకసారి దూకి చూపించాడు. అమ్మడు ఆయన్ను జాలిగా చూసింది.

ఒకరోజు తోటమాలి పొదలు కత్తిరిస్తూ ఆరో కంచె అవతల నిలబడ్డాడు. అమ్మడు చక్కగా దూకింది. మర్నాడు అక్కడ తోటమాలి లేడు, అమ్మడు దూకలేదు. నెల రోజులు ఇలా చూశాక మాస్టారికి విషయం అర్థమైంది. అవతల మనిషి ఉంటే అమ్మడు దూకుతుంది, లేకపోతే దూకదు. దానికి ఒంటరితనమంటే భయం. కోపం రావాల్సింది పోయి ఆయనకు దానిమీద ప్రేమ ఇంకా పెరిగింది. అవతల ఎవరూ లేకపోతే ఎవరు మాత్రం ఎందుకు దూకుతారు అనిపించింది.

స్కూలు నడిపే మేడమ్‌కు అలా అనిపించలేదు. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు గానీ, ఎన్నాళ్లని పెడతాం మాస్టారూ? ఆదివారం పొద్దున నేను చూస్తాను. ఎనిమిదీ దూకితే ఉంటుంది. లేదంటే మా అన్నయ్య తన తోటకు తోలుకుపోతానంటున్నాడు," అంది.

తోట అంటే రైల్లో ఒక రోజు ప్రయాణం. మాస్టారికి ఆ పూట అన్నం సహించలేదు. అమ్మడు వెళ్లిపోతే పొద్దున లేచి భుజం నొప్పి సంగతి ఎవరికి చెప్పుకోవాలో ఆయనకు తోచలేదు. ఆదివారం స్కూలు పనివాళ్లకు సెలవు. అందుకే బయటి మనుషులు ముగ్గురు కావాల్సి వచ్చారు, కంచెకు ఒకరు చొప్పున.

మొదట సెలూన్‌లో అడిగాడు. మెడకు గుడ్డ కట్టించుకుని, అద్దంలోకి చూస్తూ, "ఆదివారం పొద్దున స్కూలుకొచ్చి ఒక పావుగంట నిలబడతారా?" అన్నాడు.

సెలూన్ ఆయన కత్తి ఆగిపోయింది. పదేళ్లుగా ఈ మనిషి ఆ కుర్చీలో కూర్చుని "పొట్టిగా" తప్ప ఇంకో మాట అనలేదు. "ఎందుకండీ?" అన్నాడు.

గుర్రానికి తోడుగా అని చెప్పడానికి మాస్టారికి సిగ్గేసింది. "ఆదివారంతో తేలిపోతుందండీ, ఉండటమో పోవటమో," అన్నాడు.

మాస్టారు ఊరొదిలి పోతున్నాడని సెలూన్ ఆయనకు అర్థమైంది.

మందుల షాపు ఆయన దగ్గర మాస్టారు ఇంకొంచెం వివరంగా చెబుదామనుకున్నాడు. అమ్మడి కాళ్లకు రాసే తైలం పెద్దసీసా అందుకుంటూ, "ఒంటరిగా అయితే భయమండీ. పక్కన మనుషులుంటే ధైర్యం. మీరొస్తే చాలు," అన్నాడు. భయం ఎవరికో చెప్పడం మరిచిపోయాడు. వారానికో పెద్దసీసా తైలం ఈ బక్క మనిషి ఎక్కడ రాసుకుంటున్నాడా అని మందుల షాపు ఆయన ఏడాదిగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాడు. ఇప్పుడు ఆయనకు కళ్లు చెమర్చాయి. "తప్పకుండా వస్తాను. మీరు బరువులు ఎత్తకండి," అన్నాడు.

ఇంటావిడ దగ్గరికొచ్చేసరికి మాస్టారు పిలవడంలో ఆరితేరిపోయాననుకున్నాడు. కుళాయి సంగతి చెప్పి, "అక్కగారూ, ఆదివారం మీరు స్కూలుకు రావాలి. మీరుంటే అమ్మడికి ధైర్యంగా ఉంటుంది," అన్నాడు.

"అమ్మడా? అమ్మడెవరు?"

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "అది... ఆదివారం చూద్దురుగా. చాలా నెమ్మదైంది."

"ఎన్నాళ్లనుంచి?"

"ఏడాదైంది. నాకు అదొక్కటే తోడు."

ఇంటావిడ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి వీధి చివరి కుట్టుమిషన్ ఆవిడదాకా వెళ్లింది కబురు. శనివారం ఇంటావిడ భర్త గడ్డం గీయించుకోవడానికి సెలూన్‌కు వెళ్తే, అక్కడ మందుల షాపు ఆయన కూడా ఉన్నాడు. ముగ్గురూ ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పుకున్నారు. ఒకరు చెప్పింది అబద్ధమని ఇంకొకరు అనడం మర్యాద కాదు కాబట్టి మూడూ కలిపేశారు. మాస్టారికి నయంకాని జబ్బు, ఆఖరి రోజుల్లో ఒక నెమ్మదైన పిల్లను పెళ్లి చేసుకుని, ఈ ఊరొదిలి వెళ్లిపోతున్నాడు.

"పాపం ఆ పిల్ల," అన్నాడు సెలూన్ ఆయన.

"తెలిసే చేసుకుంటోందిటయ్యా," అన్నాడు ఇంటావిడ భర్త. అప్పుడే అది ఆయనకూ కొత్తగా తెలిసింది.

ఆదివారం పొద్దున మాస్టారు అమ్మడికి జీను కట్టి, దాని చెవిలో ధైర్యం చెప్పి, ఎక్కి కూర్చుని, గేటువైపు చూశాడు. ముగ్గురు రావాలి. ముప్ఫై మందికి తక్కువ లేరు. కొందరి చేతుల్లో పూలగుత్తులు, కొందరి చేతుల్లో రంగుకాగితం చుట్టిన పొట్లాలు. కుట్టుమిషన్ ఆవిడ అప్పటికే ఏడుస్తోంది. మందుల షాపు ఆయన ఒక బలం మందు సీసా, స్పూనూ పట్టుకొచ్చాడు. వరండాలో కుర్చీ వేసుకున్న మేడమ్ లేచి నిలబడింది.

తనకోసం ఇంతమంది వచ్చారన్నది మాస్టారి బుర్రకు వెంటనే ఎక్కలేదు. ఎక్కాక రెండు చేతులూ జోడించాడు. ఆయన జీనుమీద కూర్చునే, "అందరికీ దండాలు. ఒక్క పావుగంట. మీరు పదేసిమంది చొప్పున ఆ కొసన మూడు కంచెల అవతల నిలబడండి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. "ముందు పిల్లను చూపించండి మాస్టారూ," అంది ఇంటావిడ. "అమ్మడేదీ?"

మాస్టారు గుర్రం మెడ నిమిరాడు. "ఇదే అక్కగారూ."

ఇంటావిడ తన చేతిలోని పొట్లాన్ని మెల్లగా వెనక్కి దాచుకుంది. మందుల షాపు ఆయన మాత్రం తల పంకించి, పక్కవాళ్లతో గొంతు తగ్గించి, "రోగం తలకెక్కింది. ఇక ఆలస్యం చేయకూడదు, దించండి," అన్నాడు. నలుగురు కలిసి మాస్టారి నడుం పట్టుకున్నారు.

"నాకేం కాలేదండీ, వదలండి, అవతలికెళ్లి నిలబడండి," అని ఆయన మొత్తుకుంటున్నకొద్దీ వాళ్ల అనుమానం బలపడింది. దించి, మేడమ్ కుర్చీలోనే కూలేశారు. నోట్లో స్పూను పెట్టారు. పులిమీద పుట్రలా, రోగికి ఎండ తగులుతోందని కుట్టుమిషన్ ఆవిడ ఠప్పున గొడుగు తెరిచింది.

గొడుగు చప్పుడుకు అమ్మడు నిలువునా లేచింది. పగ్గాలు మెడమీద పడేసుకుని, వచ్చిన జనాన్నంతా వదిలేసి, మైదానం అవతలి కొసకు దౌడు తీసింది. అక్కడ గోడకూ పొదలకూ మధ్య ఆరో కంచె. అవతల పిట్ట కూడా లేదు. మాస్టారు నోట్లో స్పూనుతోనే కళ్లు మూసుకున్నాడు. జనం "అబ్బ" అన్నారు. కళ్లు తెరిచేసరికి అమ్మడు ఏడోదానిమీద గాల్లో ఉంది. ఎనిమిదోదాన్ని అది దూకిన తీరు చూస్తే, దానికి కంచె అన్నది ఒకటి ఉందని తెలిసినట్టే లేదు. తర్వాత చుట్టూ తిరిగి, తీరిగ్గా వచ్చి, కుర్చీ పక్కన నిలబడి, పూలగుత్తి ఒకటి తినడం మొదలుపెట్టింది.

మేడమ్ చాలాసేపు ఆ కొసవైపే చూసింది. ఆవిడా ఒకప్పుడు స్వారీ చేసిన మనిషే. "మాస్టారూ," అంది చివరికి, "ఆడలేక మద్దెల ఓడంటారు చూడండి. దానికి ఏ భయమూ లేదు. పైన మీరు లేకపోతే దూకింది. అక్కడికి రాగానే పగ్గాలు బిగించేది మీరే."

మాస్టారు కాదనబోయి తన చేతులు చూసుకున్నాడు. కుర్చీలో కూర్చుని, ఊరికే ఆ కంచెలవైపు చూస్తున్నందుకే పిడికిళ్లు బిగిసి ఉన్నాయి. ఆయన పందెంలో ఆఖరిసారి పడింది కూడా ఇలాంటి కొసనే. గుర్రాలన్నీ ముందుకు వెళ్లిపోయాయి, జనమంతా గెలిచినదాన్ని చూస్తూ కేకలు వేశారు. విరిగిన భుజంతో మట్టిలో పడుకుని, ఎవరో ఒకరు వస్తారని ఆయన చాలాసేపు ఎదురుచూశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు గనక? ఆఖరికి అమ్మడికి కూడా చెప్పలేదు.

"నేనే," అన్నాడు. అనగానే ఆయనకు ఏడుపొచ్చింది. మందుల షాపు ఆయన గబగబా ఇంకో స్పూను పోశాడు.

"గుర్రం ఇక్కడే ఉంటుంది. నేర్చుకోవాల్సింది మీరు. రేపు పొద్దున్నే రండి, నేనే నేర్పుతాను," అంది మేడమ్.

జనానికి మాత్రం ఇదంతా నచ్చలేదు. "పెళ్లీ కాదు, జబ్బూ కాదు, ఊరొదిలి పోవడమూ లేదు. మరి మమ్మల్నెందుకు పిలిచినట్టు?" అన్నాడు సెలూన్ ఆయన, కొంచెం నొచ్చుకుని. కాసేపటికి ఎవరి పొట్లాలు వాళ్లు పట్టుకుని వెళ్లిపోయారు. మైదానం మళ్లీ ఎప్పటిలాగే అయింది. గేటు దాకా వెళ్లిన ఇంటావిడ ఏమనుకుందో వెనక్కి తిరిగి, "కుళాయి రేపు చేయిస్తాను," అంది. ఆయన అక్కడే నిలబడి, ఆవిడ మలుపు తిరిగేదాకా చూశాడు.

సోమవారం పొద్దున మేడమ్ ఆయన్ను స్కూల్లోకెల్లా ముసలి గుర్రమెక్కించింది. ఆరో కంచె దగ్గరికి రాగానే ఆయన చేతులు వాటంతటవే బిగిశాయి. ముసలిది ఆగిపోయింది. రెండోసారీ అంతే. మేడమ్ గుర్రపుశాలలోకి వెళ్లి అమ్మడిని నడిపించుకొచ్చి, కంచె అవతల కట్టేసింది.

"ఇప్పుడు రండి. అవతల మీవాళ్లున్నారు," అంది.

మాస్టారు పగ్గాలు వదులు చేసి, ఊపిరి బిగబట్టి, దూకాడు.

అమ్మడు గడ్డిలోంచి తలైనా ఎత్తలేదు.