నలభై ఎనిమిది గంటలు

గురువారం పొద్దున ఏడింటికి లయనెల్ హాగన్ లేచి, ఆ రోజు పనులు మూడని తేల్చుకున్నాడు. పాములను తూచడం, పెరట్లో గడ్డి కోయడం, పదింటికి టీ. ముప్ఫై ఒక్క ఏళ్లు రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరైన మనిషి. గురువారం తూకం రోజు అనుకున్నాక శుక్రవారం తూచడం అతని ఒంట్లో లేదు.

మేరీబరో ఊళ్లోని పాముల పెంపకందార్ల క్లబ్బుకు అతను తొమ్మిదేళ్లుగా కార్యదర్శి. ఇంట్లో సొంత పాములు ఐదు. ఆ వారం ఒక అతిథి కూడా ఉంది. ఎనిమిది నెలల కొండచిలువ పిల్ల, మూరన్నర పొడవు, పేరు టాఫీ. దాన్ని పెంచుతున్న నోరీన్ టిప్పెట్ కంటి ఆపరేషనుకని మంగళవారం బ్రిస్బేన్ వెళ్లి చెల్లెలి ఇంట్లో దిగింది. క్లబ్బులో ఎవరు ఊరెళ్లినా వాళ్ల పాము కార్యదర్శి ఇంటికి రావడం ఆనవాయితీ.

పాముతో పాటు దాని కార్డు కూడా వస్తుంది. ప్రతి పెట్టె మూతకూ క్లిప్పుతో ఒక అట్టముక్క పెడతారు. ఏ రోజు మేత, ఏ రోజు తూకం, ఏ రోజు కుబుసం, ఏ రోజు మలం, అన్నిటికీ గడులుంటాయి. మేత పక్కన 'నిలిచింది' అనో 'కక్కింది' అనో రాయాలి. ఆ క్లబ్బులో మనిషి మాట కన్నా కార్డుకు విలువెక్కువ. టాఫీ కార్డు ప్రకారం మేత బుధవారాలు. అందుకే లయనెల్ నిన్న పొద్దున ఎనిమిదింటికి దానికొక చిట్టెలుకను పెట్టాడు.

మేత తిన్న పామును నలభై ఎనిమిది గంటలు ముట్టుకోకూడదు. క్లబ్బు గోడ మీద ఈ నియమాన్ని రాయించినవాడు లయనెలే. ఇప్పటికి ఇరవై నాలుగు గంటలు కూడా కాలేదు.

"తూచడమంటే పట్టుకోవడం కాదు," అని అతను గట్టిగానే అనుకున్నాడు. సిగ్నల్ గదిలో ఇంకెవరైనా అలాంటి మాట అని ఉంటే ఆ పూటే పైకి రిపోర్టు రాసేవాడు.

అతని త్రాసులో బ్యాటరీ అయిపోయింది. భార్య ఐలీన్ వంటింటి త్రాసు తెచ్చి టాఫీని పళ్లెంలో పెట్టాడు. నూట పన్నెండు గ్రాములు. కార్డు మీద రాసుకుని తిరిగి చూసేసరికి పాము మెడ వెనక్కి వంచి నోరు తెరిచింది. ఎలుక తోక ముందు వచ్చింది, మిగతా ఎలుక తర్వాత వచ్చింది. త్రాసు ఇంకా నూట పన్నెండే చూపిస్తోంది. కాకపోతే వస్తువులు రెండయ్యాయి.

"అది నా కేకుల త్రాసు," అంది గుమ్మంలో నిలబడ్డ ఐలీన్.

"తెలుసు."

"తెలిసే పెట్టావన్నమాట. ఎవరిదా పాము?"

"నోరీన్‌ది."

ఐలీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏప్రిల్లో పత్రికకెక్కించావే, ఆ నోరీన్?"

"పేరు రాయలేదు."

"అవునులే, పాపం. 'స్కూలు దగ్గర జెండా పట్టుకుని పిల్లల్ని రోడ్డు దాటించే ఒక సభ్యురాలు' అని రాశావు. అలాంటివాళ్లు మన క్లబ్బులో ఎంతమంది?"

"ఒకరు."

ఏప్రిల్లో నోరీన్ మేత తిన్న టాఫీని పక్కింటి పిల్లలకు చూపించబోతే అది కక్కేసింది. భయపడి ఆమె మొదట ఫోన్ చేసింది లయనెల్‌కే. అతను వెళ్లి ఏం చెయ్యాలో చెప్పి వచ్చాడు. ఇంటికొచ్చాక క్లబ్బు నెలపత్రికలో 'ముద్దు చేసి చంపకండి' అని పేజీన్నర రాశాడు. ఆ నెల నుంచి మీటింగులకు నోరీన్ కాల్చి తెచ్చే గుమ్మడికాయ స్కోన్లు, ఆ మెత్తటి చిన్న రొట్టెలు, ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో ఎవరూ అడగలేదు.

ఆ పేజీన్నరలో ఇంకో మాట కూడా ఉంది. కక్కిన పిల్లకు రెండు వారాలు నీళ్లూ వెచ్చదనం తప్ప ఏమీ ఇవ్వకూడదు. కడుపు పుండులా ఉంటుంది. అప్పుడు మేత పెడితే మళ్లీ కక్కుతుంది. టాఫీకి ఇది రెండోసారి. మూడోసారి కక్కిన పిల్లలు బతకడం అరుదు.

లయనెల్ పామును పెట్టెలో పెట్టి, కింద వేడి పలక సరిచేసి, పైన గుడ్డ కప్పాడు. ఎలుకను పెరట్లో పాతేసి వచ్చి, త్రాసును రెండుసార్లు కడిగాడు. మూడోసారి కడుగుతుంటే ఫోన్ మోగింది. నోరీన్ మెసేజ్.

'నిలిచిందా?'

అతను కిటికీ వైపు చూశాడు. బయట ఎవరూ లేరు. ఆపరేషన్ అయిన మర్నాడే ఈ ప్రశ్న ఎందుకు అడిగినట్టు? తన మీద నమ్మకం లేకనే. ఏప్రిల్ సంగతి ఆమె మరిచిపోలేదు. చెవులు వేడెక్కాయి. 'నిలిచింది' అని కొట్టి పంపాడు. చెప్పిన మాటకూ రాసిన మాటకూ తేడా ఉండకూడదన్నది అతని అలవాటు. కాబట్టి కార్డు మీద కూడా సిరాతో 'నిలిచింది' అని రాశాడు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

శుక్రవారం ఇంకో మెసేజ్. 'ఇంకా నిలిచే ఉందా? ఒక ఫొటో పెడతారా, కడుపు దగ్గర ఉబ్బు కనబడేట్టు?'

టాఫీ కడుపు దగ్గర ఉబ్బు లేదు. అతని సొంత పిల్ల సార్జెంట్‌కు ఉంది. రెండూ ఒకే ఈడువి. లయనెల్ సార్జెంట్‌ను పైనుంచి ఫొటో తీసి పంపాడు. జవాబు వెంటనే వచ్చింది.

'కంట్లో మందు వేశారు, మసగ్గా ఉంది. మెర్విన్ గారికి పంపాను. ఆయన చూసి చెప్తారు.'

మెర్విన్ డక్స్‌బరీ క్లబ్బు అధ్యక్షుడు. టాఫీ గుడ్డు పగిలింది ఆయన ఇంట్లోనే. తన చేతుల మీదుగా బయటపడ్డ ప్రతి పామునూ ఆయన గుర్తుపడతాడు, మనవళ్ల పేర్లు మాత్రం అడిగి తెలుసుకుంటాడు. లయనెల్ స్నానాల తొట్టి అంచు మీద కూర్చున్నాడు. పెంపకందార్లకు ఒక కొండచిలువను ఇంకో కొండచిలువగా చూపించడమంటే తల్లికి పక్కింటి పిల్లను చూపించడమేనని తొమ్మిదేళ్ల కార్యదర్శికి అప్పుడు తోచింది.

శనివారం మెర్విన్ ఫోన్ చేశాడు.

"ఏరా లయనెల్, టాఫీ ఫొటో వచ్చింది."

"ఊ."

"దాని మెడ వెనక మూడు మచ్చలుండాలి. ఇందులో రెండే ఉన్నాయేంట్రా?"

"వెలుతురు సరిగ్గా లేదు."

"వెలుతురు లేకపోతే మచ్చలన్నీ పోవాలి కానీ ఒకటే పోతుందా?"

"కుబుసం విడిచే ముందు రంగు మసకబారుతుంది కదా."

మెర్విన్ గొంతు మారింది. "కుబుసానికొచ్చిందా? కుబుసం ముందు పాములు మేత ముట్టవు కదా, ఇది తిని, తిన్నది నిలబెట్టుకుందా? అదీ ఆ బెదురు పిల్ల? ఒరేయ్, ఇది అందరికీ చెప్పాల్సిన విషయం. బుధవారం మీటింగులో నువ్వే మాట్లాడు. దాని కార్డు బోర్డు మీద పెడదాం. నోరీన్ మంగళవారం దిగుతుందట. ఈ వారం మేత అందరి ముందూ ఆమె చేత్తోనే పెట్టిద్దాం. ఏప్రిల్లో నువ్వు రాసినదానికి బాగా ముడుచుకుపోయింది ఆ మనిషి. కాస్త తేరుకుంటుంది."

"బుధవారం మేతా?"

"కార్డు ప్రకారం బుధవారమేగా."

ఫోన్ పెట్టేశాక ఐలీన్ అడిగింది. "ఏమంటాడు?"

"నన్ను మెచ్చుకున్నాడు."

"అంత దాకా వచ్చిందా."

"బుధవారం దానికి మేత పెడతారట."

"పెడితే చచ్చిపోతుందన్నావుగా. ఫోన్ చేసి చెప్పు. అయిదు నిమిషాల పని."

అతను ఆదివారం ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. సోమవారం రెండుసార్లు తీసుకున్నాడు. తీసుకున్న ప్రతిసారీ నోరీన్ మెసేజ్ వచ్చి ఉండేది, 'నిలిచిందా?' అని. నిలిచిందని ముందు రాసినవాడు ఇప్పుడు లేదని ఎలా రాస్తాడు? మళ్లీ నిలిచిందనే రాశాడు. మంగళవారానికి ఆమె ప్రశ్నలు తొమ్మిది, అతని అబద్ధాలు తొమ్మిది. ఆ రోజు ఐలీన్ కేకు చేసింది. అతను ముక్క కూడా ముట్టలేదు.

మీటింగు బుధవారం మధ్యాహ్నం రెండింటికి, బౌలింగ్ క్లబ్బు వెనక హాల్లో. పద్నాలుగు మంది వచ్చారు. ఒక బల్ల మీద ఐలీన్ కేకూ, సాసేజ్ రోల్సూ, టీ డ్రమ్మూ ఉన్నాయి. ఇంకో బల్ల మీద టాఫీ పెట్టె, పక్కన వేడినీళ్ల కప్పులో ఫ్రీజర్ నుంచి తీసిన చిట్టెలుక. బోర్డు మీద కార్డు గుచ్చి ఉంది. 'నిలిచింది' అన్న మాట కింద మెర్విన్ ఎర్ర గీత గీశాడు.

నోరీన్ నల్ల కళ్లద్దాలతో వచ్చింది. మామూలుగా మూడో వరసలో కూర్చునే మనిషిని మెర్విన్ చెయ్యి పట్టి ముందుకు తెచ్చాడు.

"కన్నెలా ఉందండీ?" అని అడిగాడు లయనెల్.

"ఇప్పుడు అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయండీ, లయనెల్ గారూ. మీ చొక్కాకు కింది గుండీ లేదు."

లయనెల్ కింది గుండీ ఉండాల్సిన చోట చెయ్యి పెట్టుకుని మాట్లాడటం మొదలెట్టాడు. పెట్టెలో వేడి ఎంత ఉండాలో చెప్పాడు, నీళ్ల గిన్నె ఎక్కడ పెట్టాలో చెప్పాడు. అసలు విషయం దగ్గరికి రాకుండా ఎంతసేపు మాట్లాడొచ్చో అంతసేపూ మాట్లాడాడు.

"మిగతాది చేతల్లో చూద్దాం," అని మెర్విన్ పెట్టె మూత తీసి నోరీన్‌కు పటకారు ఇచ్చాడు. "కానియ్యమ్మా."

ఆమె ఎలుకను పటకారుతో ఎత్తింది. పెట్టె అంచు దాకా తెచ్చి ఆపింది. కన్ను ఇంకా అలవాటు పడలేదేమో అనుకున్నాడు లయనెల్. టాఫీ తల పైకెత్తి నాలుక బయటపెట్టింది. ఎలుక జానెడు దూరంలో ఉంది.

"నోరీన్ గారూ, పెట్టకండి."

హాలంతా అతని వైపు తిరిగింది. రైల్వేలో ప్రమాదం జరిగితే ఎలా చెప్పాలని నేర్పారో అలాగే చెప్పాడు, టైముతో సహా. "పోయిన గురువారం ఏడూ నలభైకి తూచాను. తిని ఇరవై నాలుగు గంటలు కాలేదు. కక్కేసింది. కార్డు మీద నేను రాసింది అబద్ధం. మీకు పంపిన జవాబులన్నీ అబద్ధం. ఫొటో సార్జెంట్‌ది."

"రెండు మచ్చలన్నానా లేదా?" అన్నాడు మెర్విన్ పక్కవాళ్లతో.

ఎవరైనా తిడితే బాగుండుననిపించింది లయనెల్‌కు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కనీసం కార్డయినా దిద్దుదామని బోర్డు మీంచి తీశాడు. పెట్టె పక్కన వంగి కలం మూత లాగాడు. కార్డు జారి మూత తీసిన పెట్టెలో పడింది.

టాఫీ దాని మీదకు పాకింది. సగం పాకి ఆగింది. తోక కొస లేపింది. తర్వాత జరిగింది పద్నాలుగు మందీ చూశారు. ఆ పద్నాలుగు మందిలో ఎవరూ ముక్కు మూసుకునే రకం కాదు.

మెర్విన్ కళ్లజోడు పెట్టుకుని, నోరీన్ చేతిలో పటకారు తీసుకుని, కార్డు మీదున్న దాన్ని కదిపి చూశాడు. "వెంట్రుకలున్నాయి. బాగా అరిగిన ఎలుక." తలెత్తాడు. "ఒరేయ్ లయనెల్, పోయిన బుధవారం నువ్వు పెట్టింది మొత్తం బయటికొచ్చిందా?"

"మొత్తం వచ్చింది. నేనే పాతాను."

"అంతకు ముందు బుధవారం తిన్నదాని మలం ఆదివారం వచ్చేసినట్టు కార్డులో ఉంది. మరి ఇది ఏ ఎలుక?"

అందరూ మనసులో రోజులు లెక్కపెట్టారు. లెక్క తేలలేదు. లోపలికి పోనిది బయటికి రాదు. అందరూ పాము వైపు చూశారు.

నోరీన్ కుర్చీలో కూలబడింది. నల్ల కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పోయిన వారం సోమవారం నేను పెట్టాను," అంది. "కొత్త చోట బెంగపెట్టుకుని తినదేమోనని, వెళ్లే ముందు రోజు ఒకటి పెట్టాను. పెద్దదే పెట్టాను. కార్డులో రాయలేదు."

"ఎందుకు రాయలేదమ్మా?" అన్నాడు మెర్విన్.

ఆమె లయనెల్ వైపు చూడలేదు. "వారానికి ఒకటేగా నియమం. రాస్తే మళ్లీ పత్రికలో వస్తుందనుకున్నాను. బుధవారం ఈయన ఇంకోటి పెడతారని తెలుసు. చెబుదామని ఫోన్ తీసేదాన్ని. చెప్పలేక, నిలిచిందా అని మాత్రం అడిగేదాన్ని. రోజూ."

లయనెల్ కలం ఇంకా పట్టుకునే ఉన్నాడు. ఆ తొమ్మిది ప్రశ్నలూ తన మీద అనుమానంతో వచ్చాయనుకున్నాడు. ఆమె తన పామును తానే చంపేశానేమోనని తొమ్మిదిసార్లు అడిగింది. తను తొమ్మిదిసార్లూ 'నిలిచింది' అని ధైర్యం చెప్పాడు. ఇందాకటి దాకా ఒక ఎలుకకు సరిపడా సిగ్గు పడ్డాడు. ఇప్పుడు ఆ పేజీన్నర మొత్తం, అచ్చుతప్పులతో సహా, గుర్తొచ్చింది.

"ఇంతకీ కక్కింది నువ్వు తూచినందుకా, రెండో ఎలుకకా?" అన్నాడు మెర్విన్.

"ఏప్రిల్లో నేను రాసినందుకు," అన్నాడు లయనెల్.

మెర్విన్ గొంతు సవరించుకున్నాడు. "అయితే పనిలో పనిగా ఒకసారి అందరి కార్డులూ తనిఖీ..."

పద్నాలుగు మందిలో పదకొండు మంది టీ చల్లారిపోతోందని ఒకేసారి లేచారు. మెర్విన్ కూడా మాట పూర్తి చేయకుండా వాళ్ల వెనకే వెళ్లాడు.

బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. లయనెల్ చిట్టెలుక ఉన్న కప్పు తీసి దూరంగా పెట్టి, పెట్టె మీద గుడ్డ కప్పాడు.

"రెండు వారాలు," అన్నాడు. "నీళ్లు మాత్రమే. ఆ తర్వాత సగం సైజుది పెట్టండి."

"తెలుసు. మీరు రాశారుగా." ఆమె గుడ్డ అంచు సర్దింది. "ఇది కూడా రాస్తారా?"

"రాస్తాను. నా పేరుతో."

"నా సంగతి?"

"జెండా కూడా రాయను."

నోరీన్ కళ్లద్దాలు పెట్టుకుంది. "గుండీ కుట్టించుకోండి," అంది.

టాఫీ బతికింది. ఆగస్టులో సగం సైజు ఎలుకను తిని నిలబెట్టుకుంది. సెప్టెంబరు మీటింగుకు గుమ్మడికాయ స్కోన్లు వచ్చాయి. లయనెల్ అడక్కుండా తీసుకోలేకపోయాడు. అడగడానికి ధైర్యం చాలలేదు. నోరీనే ఒకటి తెచ్చి అతని సాసర్లో పెట్టింది.

క్లబ్బు నియమం ప్రకారం ఏ కార్డునూ పారేయకూడదు. ఆ కార్డును ఎండబెట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫైల్లో చేర్చింది కార్యదర్శే. జూలై నెలకు సంబంధించి దాని మీద ఉన్నవాటిలో నమ్మదగినది టాఫీ స్వయంగా చేర్చిన వివరం ఒక్కటే.