అర్హమైన పాదాలు

ప్రభువు తన పన్నెండుమంది శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా గుడ్ ఫ్రైడేకు ముందు గురువారం నాడు పెద్ద బిషప్ గారు స్వహస్తాలతో కడగబోయే పన్నెండుమంది పేదల పాదాలను ముందుగా పరీక్షించి, అవి అన్నివిధాలా కడుగుటకు యోగ్యమైనవని ధ్రువీకరించే బాధ్యతను ఈసారి చాప్లిన్ గారికి అప్పగించడమైనది.

చాప్లిన్ అంటే ఎవరని కొందరు అడగవచ్చు. బిషప్పులందరికీ పైన ఉండే పెద్ద బిషప్ గారికి ప్రార్థనలో తోడుగా నిలిచే పాస్టరు అని నియామకపత్రంలో రాసి ఉంది. ప్రార్థన సంగతి అలా ఉంచితే, బిషప్ గారి చేతికర్ర మోయడం, కళ్ళజోడు తుడవడం, ఎదురుగా వచ్చే మనిషి పేరు చెవిలో ఊదడం, పాము చావకుండా కర్ర విరగకుండా ఉత్తరాలు రాయడం ఆయన పని. వినయం మీద బిషప్ గారు చేసే ప్రసంగాలు కూడా ఆయన రాసినవే. అన్నిటికంటే ముఖ్యమైనది టోపీ. ఆరాధనలో బిషప్ గారు ప్రార్థించే ముందు ఆ ఎత్తు టోపీ తీయాలి, ప్రార్థన కాగానే పెట్టాలి. బిషప్ తన టోపీని తానే తీసుకోవడం ఆచారం కాదు. దేవుడితో మాట్లాడడానికి తల ఖాళీ చేయడం కూడా మరొకరి చేతి మీదుగానే జరగాలి.

ఈ పని కొన్నాళ్ళు చేస్తే ఏదైనా మంచి చర్చి సంఘానికి పాస్టరుగా పంపిస్తానని బిషప్ గారు మాట ఇచ్చారు. ఇప్పటికి పదకొండేళ్ళు. మాట మీద నిలబడే మనిషి కాబట్టి ఏటా అదే మాట ఇస్తున్నారు.

పాదాల పరీక్ష ఎందుకు వచ్చిందో చెప్పాలి. కిందటేడు బొగ్గు బస్తాలు మోసే కూలీ ఒకడు పేదల వరసలో కూర్చున్నాడు. బిషప్ గారు వాడి పాదం మీద నీళ్ళు పోయగానే వెండి పళ్ళెంలో నీళ్ళు సిరాలా నల్లబడ్డాయి. మర్నాడు పేపర్లో బిషప్ గారి ముఖం చిన్నగా, పళ్ళెం పెద్దగా పడ్డాయి. నీళ్ళు అలా ఎందుకయ్యాయని బిషప్ గారు చాప్లిన్‌ను పిలిచి అడిగారు. కాళ్ళు కడిగాం గనుక అని చాప్లిన్ విన్నవించుకున్నాడు. కడిగితే మాత్రం అంత నల్లగా అవుతాయా అని బిషప్ గారు బాధపడ్డారు.

ఆ బాధలోంచి పాద పరిశుభ్రతా ఉపసంఘం పుట్టింది. పళ్ళ డాక్టరు గారి భార్య అధ్యక్షురాలు. పాదాలకు పగుళ్ళు ఉండరాదు, గోళ్ళు సమంగా ఉండాలి, వాసన రాకూడదు, ఆరాధనకు గంట ముందే వెనక గదిలో వేడినీళ్ళతో సబ్బుపెట్టి కడిగి పౌడరు చల్లాలి అని నిబంధనలు వెలువడ్డాయి. మురికి ముందే పోయిన పాదాలను బిషప్ గారు నిశ్చింతగా శుభ్రం చేయవచ్చు.

నిబంధనలు మంచివే గాని, పేదల దగ్గరే తగిన పాదాలు లేకపోయాయి. పగుళ్ళ వల్ల కూలీ పోయాడు. చేపలమ్మే ఆమె వాసన వల్ల పోయింది. కొలిమి పనివాడి బొటనవేలు చూసి అధ్యక్షురాలు మంచినీళ్ళు అడిగారు. ఆఖరికి రిటైరైన జడ్జి గారు పెద్ద మనసు చేసుకుని తన పాదం ఇస్తానన్నారు. బ్యాంకు మేనేజరు, దేవుని ముందు మనమంతా పేదలమే కదా అని, సాక్స్ విప్పి చూపించారు. అలా పదకొండు పాదాలు సమకూరాయి. అయితే ఆహ్వానపత్రికలో పేదలు అని అచ్చయిపోయింది. ఒక్కరైనా నిజం పేద లేకపోతే అబద్ధమాడినట్టు అవుతుందని చాప్లిన్ భయపడి, పన్నెండో కుర్చీకి చర్చి ఊడ్చే ముసలమ్మ పేరు రాశాడు. ఆమె ఎప్పుడూ కడిగిన గిన్నెలా ఉంటుంది గనుక పాదం చూడకుండానే సంతకం పెట్టాడు. పదకొండేళ్ళలో ఆయన చూడకుండా పెట్టిన సంతకం అదొక్కటే.

ముసలమ్మ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. "పంతొమ్మిదేళ్ళుగా అక్కడ ఒలికిన నీళ్ళు తుడిచేది నేనే గదయ్యగారూ. ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చుంటే చాలు," అంది.

గురువారం పొద్దున వెనక గదిలో చాప్లిన్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కరి కాళ్ళూ కడిగాడు. జడ్జి గారు పేపరు చదువుకుంటూ ఒక కాలు, తరువాత రెండోది అందించారు. ఇది ఆరాధన క్రమంలో లేదు కాబట్టి ఫోటోగ్రాఫరును లోపలికి రానివ్వలేదు.

చివర ముసలమ్మ వంతు వచ్చింది. ఎడమ కాలు ముందుకు పెట్టింది. ఆచారం ప్రకారం బిషప్ గారు కడిగేది కుడిపాదం. అది ఇవ్వమ్మా అంటే చీర కుచ్చిళ్ళ కింద దాచుకుంది. చాప్లిన్ బతిమాలి, చుట్టిన గుడ్డ విప్పాడు. రెండు వేళ్ళ మధ్య పుండు. చుట్టూ నలుపు, పాదం వాపు.

"నొప్పి లేదయ్యా. నాలుగు రోజుల్నుంచి అసలు ఏమీ తెలీడం లేదు," అంది ముసలమ్మ ఆయనకు ధైర్యం చెప్తున్నట్టు.

చాప్లిన్ తల్లిదీ షుగరు ఒళ్ళే. నొప్పి తెలియని నలుపు ఎంత దూరం పోతుందో ఆయన ఇంట్లోనే చూశాడు. ఆసుపత్రి కారులో పది నిమిషాలు. కారు గేటు దగ్గరే ఉంది. దాన్ని తుడిచి తుడిచి డ్రైవరు అలిసిపోయి ఉన్నాడు. గంట మోగడానికి ఇంకా పావుగంట ఉంది.

ఆయన పరుగున బిషప్ గారి దగ్గరికి పోయి సంగతి చెప్పాడు. బిషప్ గారు నిమ్మకు నీరెత్తినట్టు అద్దం ముందు నిలబడి అంతా విన్నారు.

"పాపం. కానీ నువ్వు పోతే టోపీ ఎవరు తీస్తారయ్యా?"

న్యాయమైన ప్రశ్నే. పోనీ డ్రైవరునైనా పంపుతానన్నాడు చాప్లిన్. అతిథులు వచ్చే వేళకు కారు గేటు దగ్గర కనబడకపోతే బిషప్ రాలేదనుకుంటారని బిషప్ గారు వివరించారు. "ఇన్నాళ్ళు ఆగిన పుండు రెండు గంటలు ఆగదా? ఈస్టర్ కానీ, నీ సంఘం సంగతి నేను చూస్తాగా," అని భుజం తట్టారు.

ఇక్కడ చాప్లిన్ ఒక మాట అని ఉండాలి. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ నాలుక పదకొండేళ్ళుగా మరొకరి మాటలు రాసిన మనిషిది. మనసు ఒప్పుకోకపోయినా కాళ్ళు వేదికవైపే నడిచాయి. దారిలో ముసలమ్మతో, రెండు గంటలు ఓపిక పట్టమ్మా, నేనే తీసుకుపోతాను అన్నాడు. ఆమె సరేనంది. ఖాళీ అయిన పన్నెండో కుర్చీలో అధ్యక్షురాలు త్యాగబుద్ధితో కూర్చున్నారు.

ఆరాధన దివ్యంగా జరిగింది. టోపీ వేళకు దిగింది, వేళకు ఎక్కింది. పళ్ళెంలో నీళ్ళు తాగవచ్చు అన్నంత తేటగా ఉన్నాయి. "మనం ఎవరి పాదం తాకడానికి వెనకాడతామో, ప్రభువు ఆ పాదం దగ్గరే మనకోసం ఎదురు చూస్తున్నాడు," అని బిషప్ గారు అన్నప్పుడు సభలో వెక్కిళ్ళు వినిపించాయి. ఆ వాక్యం రాసిన చాప్లిన్ టోపీ పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు.

తరువాత వందన సమర్పణ, ఫోటోలు, టీ, టీ మీద మరో వందన సమర్పణ. రెండు గంటలు నాలుగయ్యాయి. చాప్లిన్ వెనక గదికి పరుగెత్తాడు. ముసలమ్మ అక్కడ లేదు. చర్చి మధ్యలో పన్నెండు కుర్చీల కింద ఒలికిన నీళ్ళు తుడుస్తోంది.

"ఊరికే కూర్చోడం దేనికని..." అంది. గుడ్డ విప్పిన పాదం తడిలోనే ఉంది.

బిషప్ గారి కారు బిషప్ గారితో వెళ్ళిపోయింది. అద్దె కారు దొరికేసరికి మరో గంట. ఇంకాస్త ముందు తెస్తే వేళ్ళతో పోయేదేమో అన్నాడు డాక్టరు, చాప్లిన్ మెడలోని తెల్ల కాలరు వైపు చూస్తూ. మర్నాడు, గుడ్ ఫ్రైడే రోజున, చీలమండ పైదాకా తీసేశారు. ఆమెకు పంపిన పరామర్శ ఉత్తరం చాప్లిన్ రాశాడు, బిషప్ గారు సంతకం చేశారు. ఉత్తరం చాలా బాగుందని అందరూ అన్నారు. చాప్లిన్ మాత్రం ఇంటికి వెళ్ళి అన్నం ముట్టలేదు. భార్య ఏమైందని అడిగితే, టోపీ సరిగ్గానే తీశానని చెప్పి ఏడ్చాడు.

ఆయనకు సంఘం రాలేదు. అంత నమ్మకస్థుణ్ణి వదులుకోలేక బిషప్ గారు సీనియర్ చాప్లిన్‌ను చేశారు.

మరుసటి ఏడు ఉపసంఘం కంటతడితో సమావేశమైంది. ముసలమ్మకు మొదటి కుర్చీ ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. అప్పుడు జడ్జి గారు లేచి ఒక చట్టపరమైన చిక్కు చూపారు. ఆచారం కుడిపాదం అంటోంది. ఆమెకు ఆ పాదం లేదు. ఎడమపాదం చెల్లుతుందా లేదా అన్నది సిద్ధాంత విషయం కాబట్టి పండితుల సంఘానికి నివేదించారు. నివేదిక ఇంకా రావలసి ఉంది.

ఈలోగా ఆమె మనసు నొచ్చుకోరాదని ఆరాధన మధ్యలో సన్మానం ఏర్పాటు చేశారు. చంకలో కర్రతో ముసలమ్మ వేదిక ఎక్కింది. సంఘస్థులందరి ప్రేమకు గుర్తుగా బిషప్ గారు ఆమెకు ఒక పెట్టె బహూకరించారు. సీనియర్ చాప్లిన్ మూత తీసి పట్టుకున్నాడు. లోపల మెత్తటి, ఖరీదైన, ఒక జత చెప్పులు.

ముసలమ్మ వాటిని కాసేపు చూసి, ఆయనకు మాత్రమే వినబడేలా అంది: "ఒకటి మీ దగ్గరుంచండయ్యా. దారిలో పోగొట్టుకుంటాను."

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వెనక వరసల వాళ్ళకు వేదిక సరిగా కనబడదు, వాళ్ళని అనడానికి లేదు. ముందు వరసలో ఉన్నది మనమే.