కెటిల్‌ఫోర్డ్ పత్రికలో నరకప్రవేశం

మొక్కజొన్న చేలు సముద్రతరంగముల వలె ఘోషించు ఐయోవా దేశమున, క్రీస్తుశకం వెయ్యిన్ని తొమ్మిదివందల తొమ్మిదవ ఏట, ఆగస్టు మాసపు మండుటెండలో, అచ్చుయంత్ర ఘర్ఘరారావ సంక్షుభితమైన కెటిల్‌ఫోర్డ్ పత్రికా కార్యాలయమను రణరంగమున, సిరాస్నాతుడు, వార్తాహరణ ధురంధరుడు అయిన విలేకరి హైరమ్ బస్కర్క్ ఒక్క మాట కోసం యుద్ధానికి లేచాడు.

ఆ మాట నరకం.

యుద్ధకారణం మంగళవారంనాటి అగ్నిప్రమాదం. గుర్రపుసాల భగ్గుమన్నప్పుడు బొగ్గుబండి గన్నార్ హోమ్‌క్విస్ట్ తన కంచరగాడిద బెర్తా కోసం మంటల్లోకి దూకాడు. "గాడిదను వదిలేసి బయటికి రారా!" అని మేయరు అరిచాడు. లోపలి నుంచి సింహనాదం వినిపించింది. "నువ్వు నరకానికి పో మేయరూ! బెర్తా లేకుండా నేను రాను!" అన్నట్టే వచ్చాడు, బెర్తాతో, సగం మీసంతో.

హైరమ్ విన్నది విన్నట్టు రాశాడు. కాని నీలిపెన్సిల్ ధరుడు, శబ్దశౌచ పరాయణుడు, ఇరవై రెండేళ్లుగా ఒక్క నరకాన్నీ గడప దాటనివ్వని వీరద్వారపాలకుడు, ఉపసంపాదకుడు ఫినియాస్ లూమిస్ దాన్ని దిద్దాడు. మర్నాడు పత్రికలో గన్నార్ మంటల మధ్య నిలబడి, "మేయరు గారూ, దయచేసి కాసేపు ఆగుతారా?" అన్నాడు.

మంగలిషాపు పగలబడి నవ్వింది. "దయచేసి గన్నారు గారూ, బొగ్గు దింపుతారా?" వీధి వీధినా అదే పాట.

గన్నార్ టోపీ చేతబట్టుకుని హైరమ్ దగ్గరికి వచ్చాడు. "మీసం పోయింది, మళ్లీ మొలుస్తుంది. పోయిన పరువు మొలుస్తుందటయ్యా? నేనన్నది అన్నట్టు వెయ్యి. లేకపోతే ఈ ఊళ్లో బండి తోలలేను."

"వేయిస్తాను. మాటిస్తున్నా," అన్నాడు హైరమ్.

వెంటనే శత్రుదుర్గం మీదికి ఉరికాడు. "మొదటి అక్షరం వేసి మిగతాదానికి గీత పెట్టండి లూమిస్ గారూ. పక్కూరి పత్రికలన్నీ అలాగే వేస్తున్నాయి."

"గీత చూస్తే మా ఆవిడ అంతకంటే పెద్ద బూతు ఊహించుకుంటుందయ్యా!" ఫినియాస్ లేచి నిలబడి పెన్సిల్ ఖడ్గంలా ఎత్తాడు. "నా బొందిలో ప్రాణముండగా, ఈ పెన్సిలుకు మొన ఉండగా, ఈ పత్రికలో నరకం పడదు!"

భగ్నమనోరథుడై బల్ల మీద వాలిన హైరమ్ ముఖానికి పాత సోమవారం పత్రిక తగిలింది. ఏడవ పుట, చర్చి పుట. పాదిరి ఏమస్ స్ట్రాడ్లింగ్ ప్రసంగంలో నరకం పద్నాలుగుసార్లు! ఒక్కటీ నీలిపెన్సిలుకు చావలేదు. తల ఎత్తి చూస్తే గోడమీద పత్రిక యజమానురాలి శాసనం. 'పాదిరిగారి మాటల్లో కామా కూడా కదపరాదు.'

హైరమ్ పరుగెత్తాడు. పాదిరి క్యాబేజీ మడిలో కలుపు తీస్తున్నాడు.

"అయ్యగారూ, మంగళవారం మీరక్కడే ఉన్నారా?"

"ఉండటమా? బెర్తా తోక పట్టి లాగిందెవరనుకున్నావు?"

"గన్నార్ అన్న మాట విన్నారా?"

పాదిరి నడుం నిటారు చేశాడు. "ముప్పై ఏళ్లుగా పలుకుతున్నాను నాయనా. నరకం నా నోట ఒక్కనాడూ అంత బాగా పలకలేదు."

ఆదివారం వచ్చింది. మేయరు ముందు బల్ల మీదే ఉన్నాడు. మూగజీవాల మీద ప్రేమను గురించి చెబుతూ పాదిరి గన్నార్ మాటను, మేయరుతో సహా, అక్షరం పొల్లుపోకుండా గర్జించాడు. సభ అంతా "ఆమెన్!" అంది. అలవాటు కొద్దీ మేయరూ అన్నాడు.

ఆ సాయంత్రమే ప్రసంగపాఠం ఫినియాస్ బల్ల చేరింది. నీలిపెన్సిల్ పైకి లేచింది. ఆ మాట మీద ఆగింది. ఫినియాస్ గోడవైపు చూశాడు, తరువాత హైరమ్ వైపు.

"ఇది నీ పనే కదూ?"

"నాది కాదండీ. పాదిరిగారిది."

ఇరవై రెండేళ్లలో మొదటిసారి, తిట్టు మీదికి లేచిన పెన్సిల్ గీయకుండానే దిగింది.

సోమవారం మంగలిషాపులో ఎవడో "దయ..." అని మొదలుపెట్టాడు. గన్నార్ టోపీ తిరగేసి, లోపల అంటించిన పత్రిక ముక్క చూపించాడు. మిగిలిన "చేసి" వాడి గొంతులోనే ఉండిపోయింది.

విజయోస్తు! ఏడవ పుట, మూడవ వరుస, సబ్బు ప్రకటనకు దిగువన, చీమతలకాయంత అక్షరాలలో, గీత లేకుండా, నిండుగా, ఒక బొగ్గుబండివాడి పరువుతో సహా, కెటిల్‌ఫోర్డ్ పత్రికలో నరకం పడింది!