ముందు మీరు కానివ్వండి

ఆ శనివారం పొద్దున్నే హేమసుందర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. శ్రీదుర్గ గారు గన్నవరంలో విమానం దిగి పటమట వస్తారు. ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు కూడా వచ్చి, అతను తయారుచేసిన కంప్యూటర్ ఆట ఆడతారు. ఆడుతూ తమకు ఏమనిపిస్తే అది పైకి చెబుతారు. ఆవిడ విని, రాసుకుని, నచ్చితే బెంగుళూరులోని తమ కంపెనీ తరఫున ఆటను విడుదల చేస్తామంటారు. మధ్యలో ఇడ్లీ, కాఫీ. ఇందులో హేమసుందర్ చెయ్యవలసిన పని ఒక్కటే, నోరు మూసుకుని కూర్చోవడం.

ఆట పేరు 'ఎర్ర నేల'. రెండు అంతరిక్ష దండులు, ఎండిపోయిన ఒక గ్రహం, దాని నడిబొడ్డున ఒకే ఒక్క మంచు గని. చదరంగంలో లాగా ఒకరి తర్వాత ఒకరు, వంతుల ప్రకారం, గళ్ల మీద తమ ఓడలను జరుపుకుంటూ పోవాలి. గని ఎవరికి చిక్కితే గ్రహం వాళ్లది. ఉన్న ఉద్యోగం మానేసి, అద్దె ఇంటి మేడమీద గదిలో తలుపులు బిగించుకుని హేమసుందర్ కట్టిన ప్రపంచం అది. అతని తల్లి గంగాదేవికి చేపల మార్కెట్లో కమీషన్ కొట్టు ఉంది. ఆవిడ చాలాకాలం కొడుకుని ఏమీ అనలేదు. ఈమధ్యే ఒక మాట అంది.

"ఆ అమ్మాయి బాగుందందనుకో, ఇంక నీ ఇష్టంరా. బాలేదందా, సోమవారం తెల్లారకముందే నాతోపాటు కొట్లో కూచోవాలి. నా మోకాళ్లు ఇంక నావల్ల కాదంటున్నాయి."

హేమసుందర్‌కు చేపలంటే పగేమీ లేదు, పులుసులో ఎన్ని వేసినా తింటాడు. కానీ ఆ తడి గోతాలు, వేలంపాట కేకలు, ఐసు పెట్టెల మధ్య తన బతుకు తెల్లవారడం తలుచుకుంటే అతనికి నిజంగానే గుండె జారిపోయేది. గ్రహాలు కట్టినవాడు త్రాసు పట్టుకోవడమా అని అతని బాధ.

అందుకే ఆ పొద్దున అతను కంప్యూటర్ తీగలు సర్దుతూ తల్లి మాటలకు ఊఁ కొడుతున్నాడే కానీ వినడం లేదు. ఆవిడ నిన్నటి వేలంపాటలో సరుకు కొనేవాళ్ల గురించి చెబుతోంది. "రామతులసి చేతిలో డబ్బు పెట్టుకుని కూడా పాట పెంచలేదురా. మొన్న పోటీ పాడే అవతలాయనకి సరుకు దొరకలేదంట. ఇవాళ ఆయన్ని పట్టుకెళ్లనీ అని గమ్మునుంది."

"ఊఁ," అన్నాడు హేమసుందర్. అప్పుడే ఫోన్ మోగింది. కుర్రాళ్లు. పరీక్ష ముందుకు జరిగిందట, రాలేరట, ఏమీ అనుకోవద్దట. ఆ ఫోన్ పెట్టేలోగా ఇంకొకటి. "హేమసుందర్ గారూ, రామవరప్పాడు దాటానండీ," అంది శ్రీదుర్గ.

అతని మొహం చూసి గంగాదేవి విషయం అడిగి తెలుసుకుంది. "ఇంతేనా? ఆడ్డానికి ఇద్దరు మనుషులే కదరా కావాల్సింది. మీ మావయ్య లేడూ? కింద మాస్టారు లేరూ?"

మావయ్య అంటే గంగాదేవికి అన్న, పేరు పెద్దబ్బాయి. కొల్లేట్లో వల వేసే మనిషి. చెల్లెలి కోసం బకెట్లో బతికున్న కొరమీనులు వేసుకుని ఆ పొద్దున్నే దిగాడు. మాస్టారు అంటే ఇంటి యజమాని కృపానందం. హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరై, ఇప్పుడు కింది వాటాలో భార్య తెరేసమ్మతో ఉంటున్నారు. ఇద్దరికీ కంప్యూటర్ ఆటలంటే ఏమిటో తెలియదు. హేమసుందర్‌కు వేరే దారి కూడా తెలియలేదు.

శ్రీదుర్గ మైలవరం అమ్మాయే. మనిషి నవ్వదు, చిరాకూ పడదు. వచ్చీ రాగానే ఇద్దరి చొక్కాలకూ గుండీ అంతేసి మైకులు తగిలించి, తన చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఒళ్లో ట్యాబ్ తెరిచింది. "బాబాయి గారూ, మాస్టారూ, మీకేమనిపిస్తే అది పైకి అనెయ్యండి. హేమసుందర్ గారూ, మీరు మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. మీరు పక్కనుంచి సాయం చేస్తే ఇంక నేను ఆటని చూసినట్టు కాదు."

హేమసుందర్ తలూపి మూలనున్న కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద రెండు దండులూ ఎదురెదురుగా నిలబడ్డాయి. యుద్ధభేరి మోగింది.

"ముందు మీరు కానివ్వండి మాస్టారూ," అన్నాడు పెద్దబ్బాయి.

"అబ్బే, దూరం నుంచి వచ్చారు. మీరే కానివ్వండి."

"మీ ఇంట్లో కూచుని మీకంటే ముందు నేను జరిపితే బాగుంటదా అండీ?"

"ఇల్లు నాదైతే మాత్రం ఏమిటండీ, ఇవాళ మీరు అతిథి."

భేరి మోగి మోగి ఆగిపోయింది. చివరికి పెద్దబ్బాయి కళ్లద్దాలు పైకి తోసుకుని తెర అడుగున ఉన్న ఒక బటన్ కనిపెట్టాడు. దాని మీద 'వదులు' అని ఉంది. వంతు వదులుకున్నవాడి ఇంధనం అవతలివాడి పీపాలోకి పోతుంది. ఆ నష్టానికి భయపడి ఎవరూ వంతు వదులుకోరని హేమసుందర్ దాన్ని ఒక శిక్షగా పెట్టాడు. పెద్దబ్బాయి దాన్ని హాయిగా నొక్కాడు.

"చూశారా, నా చమురు మీకొచ్చింది. ఈ ఏర్పాటు బాగుందమ్మాయ్, రాసుకో."

కృపానందం గారికి ఇబ్బందిగా అనిపించింది. "ఊరికే తీసుకుంటే ఎలాగండీ?" అని ఆయనా నొక్కారు. చమురు ఇటొచ్చింది. మళ్లీ ఈయన, మళ్లీ ఆయన. రెండు దండులూ నిలుచున్నచోటే నిలుచున్నాయి. ఏ గ్రహం మీదా ఏ సైన్యమూ అంత మర్యాదగా నిలబడి ఉండదు.

మధ్య మధ్య అభిప్రాయాలు కూడా చెబుతున్నారు. "ఈ సైనికులకి భోజనం ఎప్పుడమ్మా? వచ్చిన దగ్గర్నుంచీ నిలబడే ఉన్నారు పాపం," అన్నారు కృపానందం. పెద్దబ్బాయి మంచు గనికేసి వేలు చూపించాడు. "ఒకటే గుంట నడిమధ్యలో పెడితే కొట్టుకు చావమనే కదా? అడ్డంగా గట్టేసి చెరో పక్కా ఇస్తే పోయేది. ఎవడు కట్టాడో గానీ బుర్ర పెట్టలేదు."

శ్రీదుర్గ గబగబా రాసుకుంటోంది. ఆ వేళ్ల వేగం చూస్తుంటే హేమసుందర్‌కు చెమటలు పట్టాయి. యుద్ధం ఆట అని చెప్పి పిలిస్తే ఇంతవరకూ ఒక్క గుండు పేలలేదు. ముక్కుకు ఎక్కడిదో నీచు వాసన తగిలింది. అది వంటింట్లోంచి వస్తున్నదే, కానీ అతనికి సోమవారంలోంచి వస్తున్నట్టనిపించింది.

లేచి టీ పట్టుకొచ్చాడు. మావయ్యకు కప్పు ఇస్తూ చెవి దగ్గర వంగి, "కొట్టు మావయ్యా," అన్నాడు.

"ఇంటి ఓనర్ని కొట్టమంటావేంట్రా?" అని గొణిగాడు పెద్దబ్బాయి. "మీ అమ్మ ఈ ఇంట్లో ఉండాలా వద్దా?"

ఇటు లాభం లేదని, హేమసుందర్ అటు తిరిగి మాస్టారి చెవిలో ఊదాడు. "మీకు ఆట చేతకాదంటున్నాడండీ మావయ్య."

"నిజమే కదా బాబూ," అన్నారు కృపానందం, సంతోషంగా.

అక్కడితో ఆగి ఉంటే కథ వేరేగా ఉండేది. కానీ శ్రీదుర్గ చేతి గడియారం చూసుకుంది. అది చూసి హేమసుందర్‌కు మతి పోయింది. బిస్కెట్ల పళ్లెం తెచ్చాడు. మాస్టారి వైపు వంగి, "మొన్న క్రిస్మస్‌కి మీరు పంపిన కేకు లేదండీ, అది నోట్లో పెట్టుకోలేక పిల్లికి పడేశాట్ట మావయ్య. పిల్లి కూడా వాసన చూసి పోయిందట," అన్నాడు. ఇటు తిరిగి మావయ్యతో, "మాస్టారు అంటున్నారు మావయ్యా, నువ్వు తెచ్చే కొరమీను కొల్లేటిది కాదంట. మేత వేసి పెంచిన చెరువు చేపంట. కొల్లేరు పేరు చెప్పి అంటగడుతున్నావంట," అన్నాడు.

చేతకాదంటే ఒప్పుకున్న మాస్టారు, తెరేసమ్మ కేకును అన్నాక ఒప్పుకోలేదు. ఇంటి యజమాని మీద చెయ్యెత్తనన్న పెద్దబ్బాయి, కొల్లేటి చేపను చెరువు చేప అన్నాక యజమానినీ ఇంటినీ మరిచిపోయాడు. ఎర్ర నేల మీద మొదటి గుండు పేలింది.

ఆ తర్వాత వంతు రావడం ఆలస్యం, ఇద్దరూ విరుచుకుపడ్డారు. ఓడలు తగలబడ్డాయి. ఇందాక భోజనం లేదని జాలిపడ్డ సైనికులను మాస్టారు పంక్తులు పంక్తులుగా అగ్గిలోకి తోశారు. హేమసుందర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇదీ ఆటంటే, అనుకున్నాడు.

"ఇంద! చెరువు చేప కొట్టే దెబ్బ ఇట్టా ఉంటదా?" అని అరిచాడు పెద్దబ్బాయి.

"పిల్లి కూడా ముట్టని కేకు తిని పెరిగిన చెయ్యండీ ఇది, చూడండి!" అన్నారు మాస్టారు. ఆయన గొంతు ఆ స్థాయికి వెళ్లడం రిటైరయ్యాక అదే మొదటిసారి.

"కేకేంటి మధ్యలో?"

"చెరువు చేపేమిటి మధ్యలో?"

ఆ గొంతుకు కింది వాటాలోంచి తెరేసమ్మ పైకొచ్చింది. వంటింట్లోంచి గరిటెతో గంగాదేవి వచ్చింది. ఎవరి కేకు, ఎవరి చేప అన్నది తేలకుండానే నలుగురూ నాలుగు మాటలు అనుకున్నారు. కృపానందం గారు చేతులు జోడించి, కోపంలో కూడా మర్యాద తప్పకుండా, "గంగాదేవమ్మా, మీరు ఏమీ అనుకోకుండా వచ్చే నెల వేరే ఇల్లు చూసుకోండి," అన్నారు.

గంగాదేవి గరిటె కింద పెట్టి గది నాలుగు గోడలకేసీ చూసింది. ఆ చూపు చూసినప్పుడు హేమసుందర్‌కు మొదటిసారి భయమేసింది. ఇప్పటిదాకా ఉన్నది ఆట పోతుందన్న భయం. ఇది వేరు.

"మీతో ఆ కేకు మాటన్నదెవరు మాస్టారూ?" అంది గంగాదేవి.

ఇద్దరు పెద్దవాళ్లూ ఒకేసారి మూలనున్న కుర్చీవైపు చూశారు. హేమసుందర్ లేచి నిలబడ్డాడు. "ఎవరో... సరిగా వినపడక..." అని మొదలుపెట్టాడు.

"నాకు సరిగానే వినపడిందండీ," అంది శ్రీదుర్గ. చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, ట్యాబ్ బల్లమీద పెట్టి, వేలితో తాకింది. మైకుల సంగతి అప్పుడు గుర్తొచ్చింది హేమసుందర్‌కు. పిల్లి, కేకు, చెరువు, కొల్లేరు, అన్నీ అతని గొంతుతోనే, గుసగుసగా, టీ కప్పుల చప్పుడుతో సహా గదంతా వినిపించాయి.

"నేనేనండీ. ఇద్దరూ ఏమీ అనలేదు. అంతా నేనే కల్పించాను," అన్నాడు. "సోమవారం కొట్లో కూచోవాల్సొస్తుందని భయమేసింది. తప్పయిపోయింది మాస్టారూ. మావయ్యా, తప్పయిపోయింది." అని తల వంచుకున్నాడు. ఆ మాటల్లో ఈసారి కల్పన ఏమీ లేదు.

పెద్దబ్బాయి ముందుగా కదిలాడు. "మాస్టారూ, పెద్దమనిషిని పట్టుకుని అరిచాను. మీరు క్షమించాలి."

"లేదండీ, ముందు నేను గొంతు లేపాను. మీరే క్షమించాలి."

"కాదండీ, మీరు."

"అమ్మా, ఇల్లు మాట మరిచిపోండి," అన్నారు కృపానందం గంగాదేవితో. "ఖాళీ చెయ్యాలంటే మీవాడొక్కడు చేస్తే చాలు."

శ్రీదుర్గ ఇదంతా రాసుకుంటూనే ఉంది. హేమసుందర్ కంప్యూటర్ కట్టెయ్యబోయాడు. ఆమె వద్దంది. "మీ ఆటలో రెండో సగం నేను ఇదివరకు చూశానండీ. చాలా ఆటల్లో అదే ఉంటుంది. మొదటి సగం ఎక్కడా చూడలేదు. సైనికులు తిన్నారా అని ఆడేవాళ్లు ఎవరూ నన్ను అడగలేదు. ఉన్నవాటిలో మంచిది ఆ 'వదులు' బటనే. దాన్నేమో మీరు శిక్షగా పెట్టారు."

హేమసుందర్ వంగి తెర అడుగున ఉన్న ఆ బటన్‌కేసి చూశాడు.

"మేం తీసుకుంటాం," అంది శ్రీదుర్గ. "కానీ ఆ బటన్ చుట్టూ మళ్లీ కట్టాలి. మనుషులు ఎప్పుడు వదులుకుంటారు, ఎందుకు వదులుకుంటారు, ఏ మాటకి వదలడం మానేస్తారు, ఇవన్నీ అందులో రావాలి. అవి మీకు తెలీదని ఇవాళ తెలిసిపోయింది. ఎక్కడైనా కూచుని కొన్నాళ్లు చూడండి."

"రోజూ మా పాటలో జరిగేదే కదమ్మాయ్ అది!" అంది గంగాదేవి. "నిన్నటికి నిన్న రామతులసి గెలిచే పాట అవతలాయనకి వదిలేసింది. పొద్దున చెబితే ఊఁ అన్నాడు వీడు."

శ్రీదుర్గ ఆ సంగతంతా రెండోసారి చెప్పించుకుని రాసుకుంది. తర్వాత హేమసుందర్ వైపు తిరిగి, "ఇంకెక్కడికీ వెళ్లొద్దు, అక్కడే కూచోండి," అంది.

ఒప్పందం పంపుతానని చెప్పి శ్రీదుర్గ లేచింది. గంగాదేవి భోజనం చెయ్యకుండా కదలనివ్వలేదు. కొరమీను పులుసు, పక్కన తెరేసమ్మ కొత్తగా చేసిన కేకు. ముందు ఎవరు తినాలన్న విషయం తేలేసరికి పులుసు కొంచెం చల్లారింది.

సోమవారం తెల్లారకముందే హేమసుందర్ చేతిలో త్రాసుతో కొట్లో కూర్చుని, ఇది వ్యాపారం కాదు, ఆట కోసం పరిశోధన అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. చేపలకు ఆ తేడా తెలియలేదు.