ఒకటికి ముప్పై ఎనిమిది

శనివారం పొద్దున్న కాఫీ తాగుతూ ఎఫ్రెన్ బలుయోట్ ఆ రోజు చేయబోయే పనంతా భార్యకు వివరించాడు. చర్చి హాలుకు వెళ్ళాలి, అద్దెకు తెచ్చిన రూలెట్ చక్రం బిగించాలి, సాయంత్రం దాకా తిప్పాలి, పందేల్లో మిగిలిన డబ్బుతో హాలుకు కొత్త ఏసీ కొనాలి. పాతది వేసవి మొదట్లోనే చచ్చిపోయింది. లాస్ వేగాస్ జూలై ఎండల్లో ఆ హాల్లో కూర్చోమంటే దేవుడు కూడా సెలవు పెడతాడని ఫాదర్ ఒరోస్కో బెంగపెట్టుకున్నారు.

ఎఫ్రెన్ భార్య మీలా ముప్పై ఏళ్ళు కాసినోలో రూలెట్ బల్ల దగ్గర నిలబడి రిటైరైన మనిషి. ఎఫ్రెన్ హోటళ్ళలో లిఫ్టులు బాగుచేసేవాడు. చక్రం తిప్పమని ఫాదర్ మొదట మీలానే అడిగారు. "ఈ జన్మకి ఇంక చక్రం ముట్టుకోను ఫాదర్, వంట చేసి అమ్ముతాను," అందామె. అలా ఆ పదవి ఎఫ్రెన్‌కు దక్కింది. వారం నుంచీ అతను అద్దం ముందు నిలబడి, "ఇంక పందేలు కట్టకండి" అని గంభీరంగా అనడం సాధన చేస్తున్నాడు.

"ఒక నంబరు మీద డాలరు కట్టి గెలిస్తే ముప్పై అయిదు ఇవ్వాలి. గుర్తుందా?" అంది మీలా, గిన్నెలు కారులో పెడుతూ.

"చక్రంలో గళ్ళు ముప్పై ఎనిమిది కదా?"

"అందుకే ముప్పై అయిదు. ఆ తేడాయే కాసినో వాటా. ఈ ఊరంతా దాని మీదే లేచింది."

దారి పొడుగునా ఎఫ్రెన్‌కు ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. చర్చికి వచ్చేవాళ్ళ దగ్గర కూడా కాసినోలా కోత కోయడమేమిటి? మీలా చర్చి వంటింట్లోకి వెళ్ళగానే ఫాదర్ దగ్గర తన మనసులో మాట చెప్పాడు.

"మంచి ఆలోచనే. మరి మనకేం మిగులుతుంది?" అన్నారు ఫాదర్.

"ఓడినవాళ్ళ డబ్బు మిగులుతుందిగా ఫాదర్."

లెక్క ఇద్దరికీ నచ్చింది. ఎఫ్రెన్ పెద్ద అక్షరాలతో బోర్డు రాసి గుమ్మం ముందు పెట్టాడు: "ఇది దేవుడి ఇల్లు. ఇక్కడ వాటా తీసుకోము. ఒకటికి ముప్పై ఎనిమిది."

మొదట వచ్చింది వాండా అనే పెద్దావిడ. ఏ కాసినోలో ఏ యంత్రం ఎంత తిరిగిస్తుందో చూసుకుంటూ ఊరంతా తిరగడం ఆమె కాలక్షేపం. బోర్డు ఒకసారి చదివింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"నాయనా, గెలిస్తే ముప్పై ఎనిమిది ఇచ్చి, నేను కట్టిన డాలరు కూడా వెనక్కిస్తావా?"

"మీ డాలరు మేమెందుకు ఉంచుకుంటామమ్మా?"

వాండా కుర్చీ లాక్కుని, సున్నాలతో సహా ప్రతి నంబరు మీదా ఒక్కో డాలరు బిళ్ళ పెట్టింది. ఎఫ్రెన్ చక్రం తిప్పాడు. గోళీ ఏదో ఒక గడిలో పడక తప్పదు కనుక పడింది. ముప్పై ఎనిమిది పెట్టిన వాండా ముప్పై తొమ్మిది తీసుకుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసుకుంది.

"పాపం, ఆవిడ అదృష్టం చూడండి ఫాదర్. ప్రతిసారీ గెలుస్తోంది," అన్నాడు ఎఫ్రెన్ సంబరంగా.

"దేవుడి దయ," అన్నారు ఫాదర్.

వాండా తన స్నేహితులకు ఫోన్లు చేసింది. మధ్యాహ్నానికి చర్చి ముందు కారు ఆపడానికి చోటు లేదు. ఎప్పుడూ ఆదివారం ప్రార్థనకు రాని జనం టోపీలు పెట్టుకుని బారులు తీరారు. అందరూ అన్ని నంబర్ల మీదా కట్టారు, అందరూ గెలిచారు. హాలంతా ఆనందమే. ఒక్క డబ్బుల పెట్టె మాత్రమే తేలికవుతూ వచ్చింది. ఎఫ్రెన్ వంటింట్లోకి తొంగి చూశాడు.

"మీలా, నీ దగ్గరున్న డబ్బు కాస్త ఇస్తావా? గెలిచినవాళ్ళకి ఇవ్వాలి."

"ఎవరు గెలుస్తున్నారు?"

"అందరూ."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో మీలా ఈ జవాబు వినలేదు. గరిటె కింద పెట్టి బయటికొచ్చి బోర్డు చూసింది, బల్ల చూసింది, తర్వాత భర్తను చూసింది.

"నువ్వు చక్రం తిప్పినప్పుడల్లా తలకో డాలరు పంచిపెడుతున్నావు, మహానుభావా."

"అన్నీ కలిపి ముప్పై ఎనిమిది అనుకున్నాను. వాళ్ళ డాలరు వాళ్ళకివ్వొద్దా?"

"పోతున్నది ఆ డాలరే."

 ఎఫ్రెన్ బోర్డు పీకేస్తానని బయల్దేరాడు. ఫాదర్ అడ్డుపడ్డారు. "వద్దు. రాసి పెట్టాం. అందులోనూ దేవుడి పేరు రాశాం."

ఎఫ్రెన్ వంటింటి గుమ్మంలో ఉన్న బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళూ భార్య ఉద్యోగం కబుర్లు చెబుతుంటే తను ఊ కొట్టడం తప్ప వినలేదని అప్పుడు తెలిసొచ్చింది. "ఏసీ నా చేతులతో తగలబెట్టాను," అన్నాడు.

మీలా హాల్లోకి చూసింది. ఒకరి చేతుల మీదుగా ఒకరు బిళ్ళలు పేరుస్తున్నారు. నా బిళ్ళంటే నాదని తగువులాడుకుంటున్నారు. కాగితం పళ్ళేలతో విసురుకుంటున్నారు. ఒక ఆట మొదలవడానికే పావుగంట పడుతోంది. ఆమెకు నవ్వొచ్చింది.

"బోర్డు ఉండనీ. వాటా ఒక్కటే ఉంటే చాలదు, చక్రం ఎన్నిసార్లు తిరిగితే అంత లాభం. తొందరగా తిప్పమని మా మేనేజరు ప్రాణం తీసేవాడు. ఇక్కడ వాటా వాళ్ళది కాబట్టి నువ్వు నిదానంగా తిప్పు. లిఫ్టులు బాగుచేసినంత నిదానంగా."

వంటింటి బల్లలు చక్రం పక్కకు వచ్చాయి. ఎఫ్రెన్ ప్రతి బిళ్ళనూ తుడిచాడు, రెండుసార్లు లెక్కపెట్టాడు, సాధన చేసిన మాటను ఒక్కొక్క అక్షరం చొప్పున పలికాడు. రాబోయే డాలరును వదులుకుని లేచిపోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. కూర్చున్నవాళ్ళు ఊరుకోలేక, కూరలు చుట్టి నూనెలో వేయించిన వేడివేడి లుంపియాలు కొనుక్కు తిన్నారు, దాహానికి ఐసు తురుముతో చేసిన హాలో-హాలో గ్లాసుల మీద గ్లాసులు తాగారు.

"నాయనా, ఇంకెంతసేపు?" అంది వాండా, మూడో గ్లాసు అడుగు గీకుతూ.

"మీ పక్కాయన పదిహేడు మీద ఇంకా పెట్టలేదమ్మా. తొందరపెడితే బాగుండదు."

లుంపియాలు అయిపోయాయి. నూడుల్స్ వచ్చాయి, అవీ అయిపోయాయి. చర్చి ఆడవాళ్ళంతా ఇళ్ళకు పరుగెత్తి ఉన్నవన్నీ వండి తెచ్చారు. సాయంత్రం చూస్తే చక్రం పెట్టె సగానికి పైగా ఖాళీ, వంటింటి డబ్బాకు మూత పట్టలేదు. ఏసీ ధర పోనూ ఫాదర్ చేతిలో ఇంకా కొంత మిగిలింది.

వాండా పొట్ట పట్టుకుని మెల్లగా లేచింది. "ఊరంతా తిరిగాను. ఇంత బాగా తిరిగిచ్చే చోటు ఎక్కడా లేదు," అని మనస్ఫూర్తిగా మెచ్చుకుని వెళ్ళింది.

ఇంటికెళ్తూ కారులో మీలా భర్త చేయి తట్టింది. "ఇవాళ బాగా తిప్పావు."

"నీ ఉద్యోగం కబుర్లు మళ్ళీ మొదట్నించీ చెప్పు. ఈసారి వింటాను," అన్నాడు ఎఫ్రెన్.

వచ్చే ఏడాది కూడా చక్రం దగ్గర ఎఫ్రెనే ఉండాలని ఫాదర్ నిర్ణయించారు. ఒకటికి ఎంతివ్వాలన్నది మాత్రం వంటింట్లో నిర్ణయిస్తారు.